ఆక్స్‌ఫర్డ్ నుంచి మందు వార్త వస్తే ఇంట్లో వాడేయొచ్చా? మా బాబాయి విషయంలో జరిగింది

ఆక్స్‌ఫర్డ్ బయోమెడికల్ రీసెర్చ్ సెంటర్ లాంటి చోట నుంచి ఫలానా మందు పనిచేస్తోందని వార్త వస్తే, దాన్ని నమ్మి ఇంట్లో మొదలుపెట్టొచ్చా అని అడిగారు. వార్త నమ్మండి. మందు మాత్రం మొదలుపెట్టకండి. ఎందుకంటున్నానో చెబుతాను.

2020 జూన్ 16న, కోవిడ్‌కు ఏ మందులు పనిచేస్తాయో తేల్చే రికవరీ ట్రయల్ అనే పరీక్ష ఫలితం వచ్చింది. ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసర్లు పీటర్ హార్బీ, మార్టిన్ లాండ్రే నడిపిన ఆ పరీక్షకు ఈ రీసెర్చ్ సెంటర్ అండ ఉంది. బ్రిటన్ ఆసుపత్రుల్లో కోవిడ్‌తో చేరిన 2,104 మందికి డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ రోజుకు 6 మిల్లీగ్రాములు, పది రోజుల వరకు ఇచ్చారు. మరో 4,321 మందికి మామూలు వైద్యమే. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలు మూడోవంతు, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్లలో అయిదోవంతు తగ్గాయి. ఏ మందుల షాపులోనైనా దొరికే పాత, చవక మందు. ఆ రాత్రే సంతోషం పట్టలేక మా ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను.

అదే వార్తలో ఇంకో వాక్యం ఉంది. ఆక్సిజన్ అవసరం లేనివాళ్లకు ఈ మందుతో ప్రయోజనం కనిపించలేదని. నేను అది రాయలేదు. అప్పుడు అది అంత ముఖ్యమని తోచలేదు.

2021 మే నెలలో బాబాయికి జ్వరం వచ్చింది. ఆయనకు పన్నెండేళ్లుగా షుగర్. రెండో రోజుకి ఆక్సీమీటర్ 97 చూపిస్తోంది, ఆయాసం లేదు. కానీ ఊళ్లో రోజుకో చావు వార్త. భయంతో నా పాత మెసేజ్ వెతికి తీశారు. మందుల షాపులో చీటీ అడక్కుండానే ఇచ్చారు. నాలుగో రోజు తెల్లవారుజామున పిన్ని ఫోన్. "నాన్నా, మీ బాబాయి రాత్రంతా దాహం దాహం అంటూనే ఉన్నారు, బాత్రూమ్‌కి ఎన్నిసార్లు లేచారో లెక్కలేదు." నేను వెళ్లి గ్లూకోమీటర్ పెట్టి చూస్తే 418. మంచం పక్కన స్టూలు మీద సగం ఖాళీ అయిన మాత్రల స్ట్రిప్ ఉంది. దాని కింద పాత కరెంటు బిల్లు వెనక రాసిన లెక్క: "6 మి.గ్రా., 10 రోజులు". నేను పంపిన అంకెలే.

ఆసుపత్రిలో చేర్చాం. మాత్రలు ఆపి ఇన్సులిన్ ఇచ్చారు. ఎనిమిదో రోజున ఆక్సిజన్ 89కి పడింది. అప్పుడు డాక్టర్‌గారు రాసిన మందు కూడా డెక్సామెథసోనే. నేను ఉండబట్టలేక అడిగేశాను, వద్దని ఆపిందే మళ్లీ ఎందుకు సర్ అని. ఆయన ఓపిగ్గా చెప్పారు: మొదటి వారం ఒంట్లో వైరస్ పెరిగే రోజులు, దానితో పోరాడే శక్తినే స్టెరాయిడ్ తగ్గిస్తుంది. తర్వాత ఆ పోరాటం అదుపు తప్పి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంటే, దాన్ని చల్లార్చడానికి అదే స్టెరాయిడ్ కావాలి. మందు అదే, రోజు వేరు. ముందుగా వేసుకున్న మాత్రల వల్లే ఆక్సిజన్ పడిపోయిందని నేను అనను. షుగర్ ఆకాశానికి ఎక్కింది మాత్రం వాటివల్లేనని ఆయన చెప్పారు.

బాబాయి కోలుకుని ఇంటికొచ్చారు. కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి బ్లాక్ ఫంగస్ రోగులతో నిండిపోయిన రోజులవి. షుగర్, స్టెరాయిడ్ రెండూ కలిస్తే ఆ ముప్పు ఎక్కువని తెలిశాక, నెల రోజుల పాటు పిన్ని పొద్దున్నే టార్చిలైటు వేసి ఆయన కళ్లు, ముక్కు, అంగిలి చూసేది.

ఇంకో సంగతి. పనిచేయదని తేలిన వార్తను ఎవరూ ఫార్వర్డ్ చేయరు. కోవిడ్ నుంచి కోలుకున్నవాళ్ల రక్తంలోంచి తీసి రోగులకు ఎక్కించే ప్లాస్మాతో మరణాలు తగ్గడం లేదని ఇదే రికవరీ ట్రయల్ 2021 జనవరిలోనే చెప్పింది. అంతకుముందే, 2020లో, మన వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 39 ఆసుపత్రుల్లో 464 మంది మీద చేసిన పరీక్షలోనూ అదే తేలింది. అయినా మన మార్గదర్శకాల్లోంచి ప్లాస్మాను తీసేసింది 2021 మే 17న. అప్పటిదాకా మా పక్కింటి అబ్బాయి వాళ్ల నాన్న కోసం దాతలను బతిమాలుకుంటూ రాత్రిళ్లు ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. ఆ గొంతు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

అందుకే ఇప్పుడు ఏ వార్త చూసినా ముందు వెతికేది ఒక్కటే: మందు ఎవరికిచ్చారు, జబ్బు ఏ దశలో ఉండగా ఇచ్చారు, ఎవరికి పనిచేయలేదు. రీసెర్చ్ సెంటర్ సొంత ప్రకటనలో అది చాలాసార్లు ఉంటుంది, మన దగ్గరికి వచ్చే మెసేజ్‌లోనే జారిపోతుంది. మీరు చూసిన వార్త మీ ఇంట్లోవాళ్ల జబ్బుకు సంబంధించిందే అయితే, ఆ ప్రకటన మొత్తం ప్రింటు తీసి డాక్టర్‌గారికి చూపించండి. మేం బాబాయి ఫైల్లో అలాగే పెట్టి తీసుకెళ్తున్నాం.