ఐవీఎఫ్‌లో, అంటే అండాన్ని ల్యాబ్‌లోనే వీర్యంతో కలిపే పద్ధతిలో, ఆవు పిండాన్ని ఏడో రోజు దాకా ల్యాబ్‌లోనే ఎందుకు ఉంచుతారు?

పిండం నిలిచి ఎదుగుతుందో లేదో ఏడో రోజుకు గానీ సరిగ్గా తెలియదు, ఆవు గర్భసంచి కూడా ఆ వయసు పిండానికే అనువుగా ఉంటుంది కాబట్టి అప్పటిదాకా ఆగుతారు.

మొదటి రెండు మూడు రోజులు పిండం అండంలో తల్లి దాచి ఉంచిన సరుకుతోనే నడుస్తుంది. ఒక కణం రెండు, నాలుగు, ఎనిమిది అవుతుంది. 8 నుంచి 16 కణాల దశలో దాని సొంత జన్యువులు పూర్తిస్థాయిలో పని అందుకోవాలి. అసలు పరీక్ష ఇదే, చాలా పిండాలు ఇక్కడే ఆగిపోతాయి. దాటినవి ఏడో రోజుకు బ్లాస్టోసిస్ట్ అనే దశకు చేరతాయి. అందులో లోపలి కణాల ముద్ద దూడగా, బయటి పొర మాయగా మారతాయి. సహజంగా కూడా పిండం నాలుగైదు రోజులు అండవాహికలో గడిపాకే గర్భసంచిలోకి దిగుతుంది.

అనంతపురం జిల్లాలో ఒక రైతు తన సంకరజాతి ఆవుకు గిర్ అనే దేశీ జాతి పిండం పెట్టించాలనుకున్నాడనుకోండి. ఆవు సోమవారం ఎదకొస్తే, ఏడు రోజుల పిండాన్ని మరుసటి సోమవారం ఎక్కిస్తారు. పిండం వయసు, ఎద తేదీ కలవాలి. అందుకే ఆ తేదీ తప్పకుండా రాసిపెట్టుకోవాలి.

ఏడు రోజులు బతికిన పిండమైతే చూడి ఖాయమని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. మంచి పిండాలు ఎక్కించినా సగానికి సగం నిలవకపోవడం మామూలే. అంతమాత్రాన ఆవు గొడ్డుదని అనుకొని అమ్మేయకండి.