బేక్ చేసిన నూడుల్స్ గడ్డకట్టకుండా క్రీమీగా రావాలంటే

వైట్ సాస్, చీజ్ కలిపి పెట్టేటప్పుడు బాగానే ఉంటున్నాయి, ఓవెన్‌లోంచి తీసేసరికి నూడుల్స్ ఎండిపోయి గడ్డకడుతున్నాయి, ఎందుకని అడిగారు. నాకూ మొదట్లో ఇదే జరిగింది. మాది తిరుపతి. మా పాప పుట్టినరోజుకి ఎంతో ఇష్టంగా చేస్తే గరిటె దిగలేదు, చాకుతో కోసి పెట్టాల్సి వచ్చింది. పిల్ల మారుమాట లేకుండా తినేసింది కానీ ఆ రోజంతా నాకు మనసు మనసులో లేదు.

తప్పు ఓవెన్‌ది కాదండీ. పూర్తిగా ఉడికిన నూడుల్స్‌ని చిక్కటి సాస్‌లో కలిపితే, ఓవెన్ వేడికి అవి ఆ తడినంతా పీల్చేసుకుంటాయి. చల్లారేకొద్దీ మైదా కూడా బిగుస్తుంది. అందుకని నూడుల్స్ పలుకు మీద ఉండగానే దించాలి, సాస్ "ఇంత పల్చగానా" అనిపించేలా ఉండాలి. ప్యాకెట్ మీద రాసిన టైమ్‌కి రెండు నిమిషాల ముందే ఒక పోగు తీసి తుంచి చూడండి. మధ్యలో సన్నగా తెల్లటి చుక్క కనిపిస్తే వెంటనే వార్చేయండి.

200 గ్రాముల నూడుల్స్‌కి నేను 40 గ్రాముల వెన్న, 40 గ్రాముల మైదా, 750 మిల్లీలీటర్ల పాలు తీసుకుంటాను. మా ఇంటికి పోసేది ఆవు పాలు. మీవి ఎనుము పాలైతే ఇంకో అర గ్లాసు కలుపుకోండి. కాచిన పాలైతే మీగడ వడకట్టాలి, లేకపోతే ఆ తరకలే సాస్‌లో ఉండల్లా తగులుతాయి.

సాస్ దగ్గర మాత్రం తొందరపడొద్దు. వెన్న కరిగాక మైదా వేసి, రంగు మారకుండా సన్న మంట మీద రెండు నిమిషాలు వేయించాలి. పచ్చి వాసన పోయి బిస్కెట్ లాంటి వాసన వస్తుంది. అప్పుడు పాలు కొంచెం కొంచెంగా పోస్తూ కవ్వంతో చిలకండి, ఒక్క ఉండ కూడా కట్టదు. కుతకుతమని ఉడికితేనే మైదా చిక్కబడుతుంది, ఆ ముందే దించేయకండి. మజ్జిగ పులుసు చిక్కదనం చాలు. గరిటె వెనక వేలితో గీస్తే గీత నిలవాలి, సాస్ మాత్రం జారుతూనే ఉండాలి. స్టవ్ కట్టేశాకే చీజ్ వేయండి, మరిగేటప్పుడు వేస్తే నూనె తేలుతుంది. చీజ్‌లో ఉప్పుంటుంది కాబట్టి ఉప్పు చివర్లో. మా సీమ నోటికి మిరియాల పొడి ఒక చెంచా అయినా పడాల్సిందే.

మదనపల్లె టమాటాలు ఇంట్లో ఉన్నాయి కదా అని ఒకసారి పచ్చివే సాస్‌లో వేశాను, పాలు విరిగినట్టయింది. వేయాలనిపిస్తే నీరంతా ఇగిరేదాకా వేయించి గిన్నె అడుగున పరవండి.

ఒక కప్పు సాస్ పక్కన పెట్టి, మిగతాది నూడుల్స్‌కి కలిపి గిన్నెలోకి తీసుకోండి. దాచిన సాస్, పైన చీజ్ తురుము వేసి, ఫాయిల్ మూసి, ముందే వేడెక్కిన ఓవెన్‌లో 180 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ఉంచండి. తర్వాత ఫాయిల్ తీసేసి ఇంకో ఏడెనిమిది నిమిషాలు. అంచుల్లో సాస్ బుడగలు వస్తుంటే అయినట్టే, పైన ఇంకా ఎర్రబడాలని వదిలేయకండి.

మిగిలితే మర్నాడు పావు గ్లాసు పాలు చిలకరించి, మూతపెట్టి సన్న సెగ మీద వేడిచేయండి, మళ్లీ వదులవుతుంది.