పల్లెల కోసం నీళ్ల పరికరం డిజైన్ చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మెకానికల్ చివరి సంవత్సరంలో ఉన్నాను, పేద దేశాల పల్లెల కోసం నీళ్ల పంపు డిజైన్ చేయాలి, ఎక్కడ మొదలుపెట్టను అని అడిగారు. పాడైన రోజున దాన్ని ఎవరు బాగుచేస్తారు? అక్కడ మొదలుపెట్టండి.

నేను కొన్నేళ్లు చేతిపంపుల మరమ్మతుల్లో పనిచేశాను. ఆగిపోయిన పంపు విప్పి చూస్తే చాలాసార్లు పిస్టన్ వాషర్ (బోరు లోపల నీళ్లను పైకి ఎత్తే పిస్టన్‌కి ఉండే రింగు) అరిగిపోయి ఉంటుంది, అంతే. కానీ ఇండియా మార్క్ 2 అనే చేతిపంపులో ఆ వాషర్ మార్చాలంటే బోరులోకి దించిన పైపులన్నీ ఒక్కొక్కటిగా పైకి లాగాలి, దానికి పెద్ద పానాలు, బరువులు లాగే సామాను, నలుగురు మనుషులు, వీటన్నిటినీ మోసుకొచ్చే బండి కావాలి, అది వచ్చేదాకా ఊళ్లో ఆడవాళ్లు బిందెలతో ఎంత దూరమైనా నడవాల్సిందే. 1970ల్లో తయారైన ఆ పంపు చాలా గట్టిది, ఎన్నో దేశాలకు వెళ్లింది, దానంటే నాకు గౌరవం. తర్వాత మార్క్ 3లో 32 మి.మీ. పైపు స్థానంలో 65 మి.మీ. పైపు పెట్టారు. దాంతో పైపులు కదపకుండానే పిస్టన్‌ని వాటి లోపలి నుంచి పైకి తీసేయొచ్చు. లావు పైపుకి ఖర్చూ బరువూ ఎక్కువే, అయినా ఊరివాళ్లే వాషర్ మార్చుకోగలరు. నా దృష్టిలో గొప్ప ఇంజనీరింగ్ అంటే ఇదీ.

ప్లేపంప్ సంగతి కూడా చదవండి. పిల్లలు రంగులరాట్నం తిప్పుతూ ఆడుకుంటే నీళ్లు ట్యాంకులోకి ఎక్కుతాయన్న ఆలోచనతో దక్షిణాఫ్రికా, మొజాంబిక్ లాంటి చోట్ల పెట్టారు, 2006లో అమెరికాలో దానికి భారీగా నిధులు ప్రకటించారు. ఒక్కో పంపు 2,500 మందికి సరిపోతుందన్నారు. 2009లో గార్డియన్ పత్రిక లెక్కేస్తే, అందుకు పిల్లలు రోజుకి 27 గంటలు ఆడాలని తేలింది! చివరికి చాలాచోట్ల ఆ చక్రం తిప్పాల్సి వచ్చింది ఆడవాళ్లే.

అందుకే కంప్యూటర్‌లో బొమ్మ గీసేముందు అక్కడి మెకానిక్ దగ్గర ఏ పానాలున్నాయో చూడండి, వీలైతే బోల్టులన్నీ ఒకే సైజులో పెట్టండి. వాషర్ కొనడానికి డబ్బు ఎవరి చేతిలో ఉంటుందో కనుక్కోండి, ఎందుకంటే పంపు కొట్టేది ఒకరు, ఖర్చుకి ఒప్పుకోవాల్సింది ఇంకొకరు అయితే చిన్న రిపేరు కూడా నెలలు పడుతుంది.

ఇంతకీ మీరు అనుకుంటున్న చోట నీళ్లు ఎంత లోతులో ఉన్నాయి? అది రాస్తే ఏ రకం పంపు పనికొస్తుందో చెప్తాను.