కుక్కలకు, గుర్రాలకు ట్రైనింగ్ ఇస్తానంటున్నాడు... ఏ గ్రూపులో చేర్చాలి?

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి పరీక్షలు రాశాడు. మా వీధిలో కుక్కలన్నీ వాడు కూర్చోమంటే కూర్చుంటాయి. పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు తిప్పే ఆయన దగ్గరికి పోయి రోజూ మాలిష్ చేసి వస్తున్నాడు. జంతువులకు ట్రైనింగ్ ఇచ్చే పనే చేస్తానంటాడు. వాళ్ల నాన్నేమో "కుక్కలు మేపుకునే చదువేంది?" అని ఎంపీసీలో చేర్చాలంటున్నారు. నాకు ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు?
- ఒక తల్లి, కావలి

జవాబు: అమ్మా, ముందు గ్రూపు సంగతి తేల్చేద్దాం. బైపీసీలో చేర్చండి. ఎంపీసీకి పోతే పశువైద్య డిగ్రీకి దారి ఉండదు. బీవీఎస్సీ ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు. శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం తిరుపతిలోనే ఉంది, మీకు పెద్ద దూరం కాదు. ఇంటర్ మీద ఆసక్తి లేదంటే, పదో తరగతితోనే చేరగలిగే రెండేళ్ల పశుసంవర్ధక పాలిటెక్నిక్ డిప్లొమా ఉంది. దాన్ని చిన్నచూపు చూడకండి. గ్రామ సచివాలయాల్లో పశుసంవర్ధక సహాయకుల ఉద్యోగాలకు ఆ డిప్లొమా పనికొస్తుంది.

"వాడు డాక్టరు అవుతానన్లేదు కదా" అంటారేమో. జీను ఒరుసుకుని వీపు పుండైన గుర్రాన్నీ, పంటి నొప్పితో కళ్లెం పట్టనివ్వని గుర్రాన్నీ జనం మొండిదంటారు. ఉన్నట్టుండి కరిచిన కుక్కకు చెవిలో చీము ఉండొచ్చు. రోగమేదో, పొగరేదో తెలియనివాడు ట్రైనింగ్ పేరుతో నొప్పిని కొడతాడు.

వాడికి ఈ పని నిజంగా అబ్బుతుందా అన్నది ఇప్పుడే చూడొచ్చు. కుక్కలు మాట వినడం ఒక్కటే చాలదు, బిస్కెట్ చేతిలో ఉంటే ఎవరి మాటైనా వింటాయి. కూర్చున్న క్షణంలోనే బిస్కెట్ ఇస్తున్నాడా, అది లేచాక ఇస్తున్నాడా గమనించండి. ఆలస్యమైతే కుక్క నేర్చుకునేది లేవడాన్నే. గుర్రర్రుమన్న కుక్కను కొడుతున్నాడేమో కూడా చూడండి. ఆ గుర్రు హెచ్చరిక. కొట్టి దాన్ని మాన్పిస్తే, ఆ కుక్క తర్వాత హెచ్చరించకుండానే కరుస్తుంది.

గుర్రం సంగతి వేరు. అది వేటాడే జంతువు కాదు, వేటకు బలయ్యే జంతువు. భయమేస్తే ముందు పారిపోవాలనే చూస్తుంది. దాని కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి గనుక సరిగ్గా వెనకనున్న మనిషి కనపడడు. అందుకే భుజం వైపు నుంచి, మాట్లాడుతూ దగ్గరికి పోవాలి. చెవులు వెనక్కి అంటుకుపోయాయంటే అక్కడే ఆగాలి. పగ్గం కొంచెం బిగించి, గుర్రం ఒక్క అడుగు వేయగానే వదిలేయాలి. ఆ వదలడమే దానికి బహుమానం. ఊరేగింపుల్లో బ్యాండు మోతకు బెదిరిన గుర్రాన్ని కళ్లెం పట్టి గుంజుతుంటారు, మీవాడు ఆ తప్పూ నేర్చుకుని వచ్చే ప్రమాదముంది. గుర్రాలాయన మంచివాడే కావచ్చు, ఆయన చేసే ప్రతి పనీ పాఠం కాదని మాత్రం చెప్పండి. మన ఒంగోలు కోడెల్ని కాడికి అలవాటు చేసే పెద్దాయన ఎవరైనా మీ వైపు ఉంటే ఒక పూట వాణ్ని ఆయన దగ్గర కూర్చోబెట్టండి. తొందరపడితే కోడె ఎట్లా చెడుతుందో ఆయన నాకన్నా బాగా చెప్తారు.

ఇక ఉద్యోగాలు. సైన్యంలో జంతువుల బాగోగులు చూసే రిమౌంట్ వెటర్నరీ కోర్ ఉంది, దాని కేంద్రం మీరట్‌లో. కుక్కలకూ గుర్రాలకూ అక్కడే శిక్షణ. బీఎస్ఎఫ్‌కు గ్వాలియర్ దగ్గర టేకన్‌పూర్‌లో, సీఆర్పీఎఫ్‌కు బెంగళూరు దగ్గర తరలులో కుక్కల శిక్షణ కేంద్రాలున్నాయి. మామూలుగా ముందు కానిస్టేబుల్‌గా చేరాలి, ఆ తర్వాతే డాగ్ స్క్వాడ్. చేరిన ప్రతివాడికీ కుక్కను అప్పగించరు, ఆ సంగతి వాడికి ముందే చెప్పండి. ఐటీబీపీ మాత్రం జంతువుల రవాణా, కెన్నెల్ (కుక్కల శాల) పనులకు పదో తరగతి అర్హతతో విడిగా కానిస్టేబుళ్లను తీసుకుంటుంటుంది. రన్నింగ్, ఎత్తు, ఛాతీ కొలతలు అన్నిట్లోనూ ఉంటాయి, కాబట్టి పొద్దున్నే పరుగు మొదలుపెట్టించండి.

రేసు గుర్రాల పని హైదరాబాద్ మలక్‌పేటలోనో బెంగళూరులోనో దొరుకుతుంది. కానీ పదో తరగతితో వెళ్లి సైసుగా, అంటే గుర్రాల్ని చూసుకునే పనివాడిగా చేరితే అక్కడే ఆగిపోయే ప్రమాదం ఎక్కువ, నేనైతే పంపను. ఇళ్లకెళ్లి పెంపుడు కుక్కలకు నేర్పే పనికి నెల్లూరు, ఒంగోలులో ఇప్పుడిప్పుడే గిరాకీ వస్తోంది. దానిమీదే బతకాలంటే చెన్నై, హైదరాబాద్ పోవాల్సిందే. పైగా ఆ పనిలో కుక్కకు నేర్పేది కొంతే, యజమానికి నచ్చజెప్పేదే ఎక్కువ. మీవాడు మనుషులతో మాట్లాడతాడా? మీరేమీ రాయలేదు.

వాళ్ల నాన్నతో వాదన పెట్టుకోవద్దు. బైపీసీ అంటే బీవీఎస్సీయే కాదు, అగ్రికల్చర్, ఫార్మసీ, నర్సింగ్ దారులూ ఉంటాయని చెప్పండి. ఆయన భయం కుక్కల గురించి కాదు, బతుకుతెరువు గురించి.

అన్నిటికన్నా ముందు వాణ్ని ఆస్పత్రికి తీసుకెళ్లి, కుక్క కరవకముందే వేసుకునే రేబిస్ టీకా గురించి డాక్టరును అడగండి. వీధి కుక్కలతో రోజూ తిరిగేవాడికి అది తప్పనిసరి. టీకా వేసుకున్నా, కరిస్తే 15 నిమిషాలు సబ్బు నీళ్లతో గాయం కడిగి మళ్లీ డాక్టరు దగ్గరికి పోవాల్సిందే. ఇంకొకటి, వీడియోల్లో కనిపించే డాగ్ ట్రైనింగ్ సర్టిఫికెట్ కోర్సులకు ముందే డబ్బు కట్టొద్దు. శిక్షకుడు కుక్కతో పనిచేస్తుంటే ఒక పూట చూడనివ్వమని అడగండి. కుదరదంటే ఆ కోర్సు వదిలేయండి.