లినక్స్ మింట్‌లో వాల్యూమ్ 100 ఉన్నా సౌండ్ సన్నగా వస్తుంటే

మింట్‌లో (విండోస్ లాగే కంప్యూటర్‌ని నడిపే సిస్టమ్) వాల్యూమ్ 100 చూపిస్తున్నా పాటలు సన్నగా వినిపిస్తున్నాయి, ఇన్ని స్లైడర్లలో ఏది జరపాలి అని అడిగారు కదా. మా ఇంట్లోనూ అచ్చం ఇదే జరిగింది.

తిరుపతిలో మా నాయనకు పాత డెస్క్‌టాప్‌లో మింట్ వేసిచ్చాను. ఆయన తెల్లవారుజామునే లేచి ఫైర్‌ఫాక్స్‌లో అన్నమయ్య కీర్తనలు పెట్టుకుంటారు. ఒకరోజు "పాట బావిలోంచి వస్తున్నట్టుంది రా" అన్నారు. స్క్రీన్ కింద పట్టీలో (ప్యానెల్) చూస్తే వాల్యూమ్ 100. సరేలే అని సౌండ్ సెట్టింగ్స్‌లో గరిష్ఠ వాల్యూమ్‌ని 150కి మార్చి పెంచాను. కీర్తన కాస్త పెరిగింది కానీ సరిపోలేదు. పైగా వేరే ప్రోగ్రాంలో పాట పెడితే, పాడేవాళ్లు పైకి ఎత్తుకున్నప్పుడల్లా గొంతు చీలినట్టు, మృదంగం రేకుడబ్బా కొట్టినట్టు వచ్చింది. 100 దాటాక కంప్యూటర్ సౌండ్‌ని లెక్కకట్టి పెంచుతుంది. పట్టనంత పెద్దదైన చోట అంచు కోసేస్తుంది. అందుకే ఆ పగుళ్లు.

అసలు సంగతి ఏమిటంటే, మిద్దె మీద ట్యాంకు నుంచి నీళ్లు వచ్చేదారిలో రెండు మూడు వాల్వులు ఉన్నట్టే సౌండ్‌కీ ఉన్నాయి. పాట వినిపించే ప్రోగ్రాంకి ఒకటి, సిస్టమ్ మొత్తానికి ఒకటి, సౌండ్ కార్డుకు (కంప్యూటర్ లోపల శబ్దాన్ని బయటికి పంపే భాగం) ఒకటి, చివర్లో స్పీకర్ నాబ్. ఏ ఒక్కటి సగం మూసున్నా మిగతావి ఎంత తిప్పినా లాభం లేదు.

మా ఇంట్లో మూసుకున్నది మొదటిదే. పాట మోగుతుండగా సౌండ్ సెట్టింగ్స్‌లో అప్లికేషన్స్ ట్యాబ్ తెరవండి. మోగకపోతే అక్కడ ఏమీ కనిపించదు, చాలామంది ఇక్కడే మోసపోతారు. చూస్తే ఫైర్‌ఫాక్స్ 30లో ఉంది! ముందురోజు రాత్రి మా పాప క్లాసు వింటూ తగ్గించిందట. ఏ ప్రోగ్రాంకి ఎంత పెట్టామో సిస్టమ్ గుర్తుపెట్టుకుంటుంది, అందుకే మళ్లీ తెరిచినా 30లోనే వచ్చింది. దాన్ని 100 చేసి, గరిష్ఠ వాల్యూమ్‌ని వెనక్కి 100కే దించాను. పాట శుభ్రంగా వచ్చింది.

అక్కడ అంతా బాగుంటే టెర్మినల్‌లో (ఆదేశాలు టైప్ చేసే విండో) ఆల్సామిక్సర్ అని కొట్టండి, ఇంగ్లీషులో, ఒకే పదంగా: alsamixer. మొదట ఒక్క మాస్టర్ గీతే కనిపిస్తే ఎఫ్6 నొక్కి మీ అసలు కార్డు ఎంచుకోండి. గీత కింద రెండు ఎమ్‌లుంటే అది మ్యూట్‌లో ఉన్నట్టు, కీబోర్డులో ఎమ్ నొక్కితే తీసేస్తుంది. కుడి చివర ఆటో-మ్యూట్ మోడ్ ఉంటే దాన్నీ చూడండి. అది ఆన్‌లో ఉన్నప్పుడు ముందువైపు ఇయర్‌ఫోన్ గుచ్చితే వెనక స్పీకర్లు ఆగిపోవచ్చు. ఆ వైరు సీపీయూకి గుచ్చి మరిచిపోయి మేము ఒక సాయంత్రమంతా టెన్షన్ పడ్డాం.

ఇప్పుడు లోపలివన్నీ 100లో పెట్టేసి నాయనకు స్పీకర్ నాబ్ ఒక్కటే వాడమని చెప్పాను. మీకింకా రాకపోతే ఎఫ్6లో ఏ కార్డుల పేర్లు వస్తున్నాయో రాయండి, కలిసి చూద్దాం.