రీఫ్ ట్యాంకు కోసం 401(కె) మీద అప్పు వద్దు, ముందు అత్యవసర నిధి చూడండి

ప్రశ్న: మేం డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. నా వయసు 37. హెచ్-1బీ మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయింది. నెలకు 8,200 డాలర్లు చేతికొస్తాయి. నా భార్య హెచ్-4 (డిపెండెంట్ వీసా) మీద ఉంది, వర్క్ పర్మిట్ ఇంకా రాలేదు. పాపకు ఆరేళ్లు. ఇంటి వాయిదా, రెండు కార్లు, సంసారం, గుంటూరులో అమ్మానాన్నలకు పంపేది, క్రెడిట్ కార్డుకు కట్టే కనీస మొత్తం, ట్యాంకు ఖర్చు పోను 640 మిగులుతాయి. నాలుగేళ్లుగా 75 గ్యాలన్ల ఉప్పునీటి రీఫ్ ట్యాంకు (సముద్రపు చేపలు, పగడాలు పెంచే అక్వేరియం) నడుపుతున్నాను. మొదట్లో నెలకు 250 అయ్యేది, ఇప్పుడు 460 అవుతోంది. దీన్ని తీసేసి 180 గ్యాలన్ల ట్యాంకు, తక్కువ కరెంటు కాల్చే కొత్త పరికరాలు పెడితే నెలవారీ ఖర్చు తగ్గుతుందని, కోరల్స్ (పగడాలు) పెంచి ఫ్రాగ్స్ (వాటి చిన్న ముక్కలు) కోసి అమ్మితే పెట్టుబడి తిరిగొస్తుందని అనుకుంటున్నాను. మొత్తం 14,000 డాలర్లు అవుతుంది. ఇందులో 6,000 ట్యాంకు అమ్మే షాపు వాళ్ల కార్డు మీద 12 నెలలు వడ్డీ లేకుండా ఇస్తామన్నారు. 8,000 నా 401(కె) (కంపెనీ ద్వారా నడిచే రిటైర్మెంట్ పొదుపు ఖాతా) నుంచి లోన్ తీసుకుంటాను. 500 అడ్వాన్స్ ఇచ్చేశాను. బ్యాంకులో 7,100 ఉన్నాయి. క్రెడిట్ కార్డు బాకీ 8,700, వడ్డీ 24 శాతం. 401(కె)లో జీతంలో 10 శాతం వేస్తున్నాను, కంపెనీ 4 శాతం వరకు కలుపుతుంది. ముందుకు వెళ్లొచ్చా?

జవాబు: వద్దండి. ఈ 14,000 ఖర్చు ఇప్పుడు పెట్టొద్దు. అప్పు చేసి అసలే పెట్టొద్దు.

మీ ఉత్తరానికి జవాబు రాయడానికి కారణం ట్యాంకు ఒక్కటే కాదు. మీరు పంపిన ఖర్చుల పట్టికలో ట్యాంకును ‘వినోదం’ కింద, సినిమాలు, ఓటీటీల పక్కన రాశారు. నాకు ఉత్తరాలు రాసేవాళ్లలో చాలామంది చేసే పొరపాటు ఇదే. కొందరికి అది గుర్రపు స్వారీ క్లబ్బు, కొందరికి రెండు పెద్ద కుక్కలు, మీకు రీఫ్. ఉద్యోగం పోయిన రోజున ఓటీటీ ఆపేయొచ్చు. ట్యాంకును ఆపలేరు. పంపులు తిరగాలి, హీటర్ వెలగాలి, ఆల్కలినిటీ (క్షారత), కాల్షియం డోసింగ్ (కొలత ప్రకారం నీళ్లలో కలపడం) జరగాలి, వారం వారం ఉప్పు కలిపిన నీళ్లు మారాలి. ఒక్క నెల చేతులు ముడుచుకుంటే నాలుగేళ్లు పెంచిన కోరల్స్ తెల్లబడి పోతాయి. అంటే ఇది ఇంటి వాయిదా లాంటి తప్పనిసరి ఖర్చు. మీ అత్యవసర నిధి ఎంత ఉండాలో లెక్కేసేటప్పుడు ఇది అందులో ఉండాలి. ట్యాంకు పెద్దదయ్యే కొద్దీ ఆ నిధి కూడా పెద్దది కావాలి. మీరు ట్యాంకును రెట్టింపు చేస్తూ, నిధిని ఖాళీ చేసే దారిలో వెళ్తున్నారు.

ఖర్చు పెరిగిందన్న మీ బాధ నిజమే. హవాయిలో అక్వేరియం చేపల వాణిజ్య వేటకు 2017లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పుతో బ్రేకు పడింది, 2021 నుంచి అది ఇంకా బిగుసుకుంది. ఒకప్పుడు మామూలు ధరకు దొరికిన ఎల్లో టాంగ్ అనే పసుపు చేప వందల డాలర్లకు ఎగబాకింది అందుకే. ఇండోనేషియా 2018లో కోరల్ ఎగుమతులు ఆపేసి, 2020లో మళ్లీ మొదలుపెట్టింది. పంపులు, ఎల్‌ఈడీ లైట్లు చాలావరకు చైనాలో తయారయ్యేవే కాబట్టి 2025లో పెరిగిన సుంకాలు వాటి మీదా పడ్డాయి. ఇవేవీ మీ చేతుల్లో లేవు. కానీ మీ 460లో 185 డాలర్లు కొత్త కోరల్స్‌కు, చేపలకు వెళ్తున్నాయి. అది ధరలు పెరగడం వల్ల కాదు, మీరు కొనడం వల్ల.

పెద్ద ట్యాంకు వస్తే ఖర్చు తగ్గుతుందన్న లెక్క ఎలా వేశారో నాకు అర్థం కాలేదు. నీళ్లు ఎక్కువుంటే ఉష్ణోగ్రత, లవణీయత నిలకడగా ఉంటాయి, అది ఒప్పుకుంటాను. డబ్బు సంగతి వేరు. వారానికి 20 శాతం నీళ్లు మారుస్తానన్నారు. ఇప్పుడు సంప్‌తో (ట్యాంకు కింద ఉండే ఫిల్టర్ తొట్టి) కలిపి 90 గ్యాలన్లు అనుకుంటే వారానికి 18 గ్యాలన్లు. రేపు 220 గ్యాలన్లకు 44. ఉప్పు, ఆర్‌ఓడీఐ (నీటిని శుద్ధి చేసే పరికరం) రెజిన్, ఫిల్టర్లు అన్నీ దాదాపు రెండున్నర రెట్లు. నాలుగడుగుల ట్యాంకుకు రెండు లైట్లు సరిపోతే ఆరడుగుల దానికి మూడు కావాలి. కరెంటును మీరు అసలు ట్యాంకు ఖాతాలో వేయలేదు, ఇంటి బిల్లులో కలిపేశారు. పరికరాలన్నీ కలిపి సగటున 400 వాట్లు లాగుతున్నాయన్నారు. రోజుకు 9.6 యూనిట్లు, నెలకు 288. మీ రేటు యూనిట్‌కు 15 సెంట్లు కాబట్టి 43 డాలర్లు. అంటే మీ ట్యాంకు ఈరోజు 460 కాదు, 500 తింటోంది.

ఇక అప్పుల సంగతి. నెలకు మిగిలేది 640. షాపు కార్డుకు 12 నెలల్లో తీర్చాలంటే నెలకు 500. 401(కె) లోన్ 8,000 అయిదేళ్లకు, ఎనిమిదిన్నర శాతం చొప్పున నెలకు 164. మొత్తం 664. కొత్త ట్యాంకులో చుక్క నీళ్లు పోయకముందే మీరు నెలకు 24 డాలర్ల లోటులో పడతారు.

‘వడ్డీ లేదు’ అన్న మాట నమ్మి సంతకం పెట్టకండి. మీరు పంపిన కాగితంలో ఉన్నది వడ్డీ మాఫీ కాదు, వాయిదా మాత్రమే. పన్నెండో నెల చివర 50 డాలర్లు మిగిలినా మొదటి రోజు నుంచి లెక్కేసి 29.99 శాతం వడ్డీ మొత్తం ఒకేసారి మీ నెత్తిన వేస్తారు. మీరు నెలనెలా సరిగ్గా కడుతూ వచ్చి చివర్లో తడబడ్డా అది దగ్గర దగ్గర 975 డాలర్లు అవుతుంది. ఇప్పటికే 8,700 బాకీ మీద నెలకు 174 వడ్డీ కడుతున్నారు. మీరు కట్టే కనీస మొత్తం 260లో అసలుకు పోయేది 86 మాత్రమే. ఇలాంటి పరిస్థితిలో ఉన్న మనిషికి ఇంకో కార్డు ఇస్తామన్న షాపు మీద నాకు కోపం వస్తోంది, తీసుకుందామనుకున్న మీ మీద కూడా.

401(కె) లోన్ గురించి ‘నా డబ్బు నాకే వడ్డీ కడుతున్నాను కదా’ అని రాశారు. ఉద్యోగం ఉన్నంత కాలం ఆ మాట చెల్లుతుంది. ఉద్యోగం పోతే చాలా ప్లాన్లలో మిగిలిన బాకీ ఒకేసారి కట్టమంటారు. ఆ ఏడాది ట్యాక్స్ రిటర్న్ గడువులోగా సర్దలేకపోతే అది మీరు తీసేసుకున్న డబ్బు కిందే లెక్క. దాని మీద ఇన్‌కమ్ ట్యాక్స్, మీకు 59½ ఏళ్లు నిండలేదు కాబట్టి పైన ఇంకో 10 శాతం పెనాల్టీ. జీతం ఆగిన సమయంలోనే ఈ బిల్లు వచ్చి పడుతుంది.

నేను పదే పదే చెప్పేది మీకు ఇంకా గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మీరు హెచ్-1బీ మీద ఉన్నారు. లేఆఫ్ అయితే మీకు గరిష్ఠంగా 60 రోజుల గడువు, ఐ-94 (దేశంలో ఉండేందుకు ఇచ్చిన గడువు పత్రం) ముందే ముగిస్తే అంతకన్నా తక్కువే. ఆలోగా కొత్త కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా స్టేటస్ మార్పుకు అప్లై చేయాలి, లేదా సామాను సర్దుకోవాలి. ఐ-140 ఉంది కదా అన్న ధైర్యం మీ ఉత్తరంలో కనిపించింది. అది గ్రీన్‌కార్డు వరుసలో మీ ప్రయారిటీ డేట్‌ను కాపాడుతుంది. ఇంటి వాయిదా కట్టదు. భార్య, పాప స్టేటస్ కూడా మీ ఉద్యోగం మీదే ఆధారపడి ఉంది, రెండో జీతం లేదు.

ఆ 60 రోజులకు ఎంత కావాలో చూద్దాం. ఇప్పటి ఖర్చు నెలకు 7,560. కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్ ఆగిపోతుంది. కోబ్రా (ఉద్యోగం పోయాక అదే ఇన్సూరెన్స్ కొనసాగించుకునే చట్టం) కింద కొనసాగించాలంటే కంపెనీ వాటా కూడా మీరే కట్టాలి, పైన 2 శాతం ఖర్చులు. కుటుంబానికి అది నెలకు 2,000 డాలర్లు దాటడం మామూలే. అంటే నెలకు 9,560, రెండు నెలలకు 19,000 పైన. మీ దగ్గర 7,100 ఉన్నాయి. మూడు వారాలు గడవడమే కష్టం. ఆ మూడు వారాల్లో మీరు ఇంటర్వ్యూలకు చదువుకుంటారా, ట్యాంకు ఎవరికి అమ్మాలా అని టెన్షన్ పడతారా? అవసరానికి తొందరపడి అమ్మే ట్యాంకుకు సగం ధర కూడా రాదు.

అందుకని నా లెక్క ఇది. మొదటి లక్ష్యం 20,000 డాలర్ల నగదు, ఎఫ్‌డీఐసీ (బ్యాంకు డిపాజిట్లకు ప్రభుత్వ బీమా సంస్థ) బీమా ఉన్న సేవింగ్స్ ఖాతాలో, ట్యాంకు ఖర్చులకు వాడే కార్డుతో సంబంధం లేకుండా. ఆ తర్వాత నెమ్మదిగా ఆరు నెలల ఖర్చుకు పెంచాలి. ఇప్పుడున్న 7,100ను ముట్టుకోవద్దు, కార్డు బాకీ తీర్చడానికి కూడా. 24 శాతం వడ్డీ నడుస్తుంటే నగదు పెట్టుకోవడమేంటని కొందరు సలహాదారులు వాదిస్తారు. వీసా గడువు లేని వాళ్లకైతే నేనూ అదే చెబుతాను. మీకు మాత్రం నగదు లేని రోజు వడ్డీ కన్నా ప్రమాదం.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుందంటే, 640 మిగులు ఉంది. ట్యాంకులో కొత్త జీవాలు కొనడం పూర్తిగా ఆపి, సీసాల్లో కొనే డోసింగ్ బదులు సోడా యాష్, కాల్షియం క్లోరైడ్ పొడులు తెచ్చి మీరే కలుపుకుంటే 200 ఆగుతాయి. 401(కె)ను కంపెనీ కలిపే 4 శాతానికి తాత్కాలికంగా దించితే పన్ను పోను 550 అయినా చేతికొస్తాయి. మొత్తం 1,390. అందులో 70 టర్మ్ పాలసీకి తీసిపెట్టండి. కంపెనీ ఇచ్చే గ్రూప్ లైఫ్ ఒక్కటే ఉందన్నారు, అది ఉద్యోగంతోపాటే పోతుంది. పది లక్షల డాలర్లకు 20 ఏళ్ల టర్మ్, ఆరోగ్యం బాగుంటే మీ వయసులో ఆ ప్రీమియంలోపే దొరకాలి, ఈ నెలలోనే తీసుకోండి. మిగిలిన దాంట్లో 635 నిధికి, 685 కార్డుకు, ఇప్పుడు కడుతున్న 260 కాకుండా. కార్డు 11 నెలల్లో తీరిపోతుంది. అప్పటికి నిధి 14,000 చేరుతుంది. కార్డుకు పోయేది కూడా అటు మళ్లిస్తే ఇంకో నాలుగు నెలల్లో 20,000 దాటుతుంది. మొత్తం 15 నెలలు. అక్కడికి చేరగానే 401(కె)ను మళ్లీ పాత శాతానికి పెంచండి.

ఫ్రాగ్స్ అమ్మకం మీద ఆశ పెట్టుకోవద్దు. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు స్పాన్సర్ చేసిన కంపెనీకి మాత్రమే పని చేయాలి. లాభం కోసం క్రమం తప్పకుండా అమ్మితే అది అనుమతి లేని పని కిందికి వచ్చే ప్రమాదం ఉంది. వర్క్ పర్మిట్ లేని మీ భార్య పేరు మీద చేసినా అంతే. ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను అడగకుండా ఒక్కటి కూడా అమ్మకండి. నాలుగు ఫ్రాగ్స్ డబ్బు కోసం గ్రీన్‌కార్డు వరుసను పణంగా పెడతారా? రేపు హైదరాబాద్ వెళ్లినా అక్కడ ఇదే రీఫ్ పెట్టుకుంటానన్నారు. మన దేశంలో రీఫ్ కట్టే గట్టి కోరల్స్ అన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. ఆ ఆలోచన వదిలేయండి.

ఇంటి బీమా ట్యాంకును కాపాడుతుందన్న నమ్మకం కూడా వద్దు. మామూలు హోమ్‌ఓనర్స్ పాలసీల్లో జంతువులు, పక్షులు, చేపలు కవర్ కావు. కోరల్స్ కూడా జంతువులే. ట్యాంకు పగిలి నేల పాడైతే ఏమిస్తారో ఏజెంట్‌ను అడిగి రాతపూర్వకంగా తీసుకోండి.

ట్యాంకు మీద ఒక్క ఖర్చుకు మాత్రం నేను అడ్డు చెప్పను. వేవ్‌మేకర్‌కు (ట్యాంకులో నీళ్లను కదిపే పంపు) బ్యాటరీ బ్యాకప్, బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు కొనండి. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో టెక్సాస్‌లో లక్షల ఇళ్లకు కరెంటు పోయింది, కొన్నిచోట్ల రోజుల తరబడి. నీళ్లు కదలకపోతే కొన్ని గంటల్లోనే ఆక్సిజన్ పడిపోతుంది, చేపలు ముందు పోతాయి. ఒకే పెద్ద హీటర్ వాడుతున్నానన్నారు. దాని బదులు రెండు చిన్నవి, విడిగా ఒక కంట్రోలర్ పెట్టండి. హీటర్ ఆన్‌లో ఇరుక్కుపోతే ట్యాంకు మొత్తం ఉడికిపోతుంది. వీటికయ్యే మూడు నాలుగు వందలను రెండు నెలలు కొత్త కోరల్స్ కొనకుండా మిగిలిన డబ్బుతోనే తెచ్చుకోండి, కార్డు మీద కాదు.

అడ్వాన్స్ ఇచ్చిన 500 గురించి ఈ వారమే షాపుకు వెళ్లి అడగండి. ఆర్డర్ ఇంకా తయారీకి వెళ్లలేదని రాశారు కాబట్టి వెనక్కి ఇవ్వొచ్చు. డబ్బు వెనక్కి ఇవ్వడం కుదరదంటే స్టోర్ క్రెడిట్‌గా రాయించుకుని బ్యాటరీ బ్యాకప్, హీటర్లు, కంట్రోలర్ అక్కడే తీసుకోండి. కార్డు అప్లికేషన్ మీద సంతకం పెట్టి ఉంటే రద్దు చేయించి, రద్దయినట్టు ఈమెయిల్ తీసుకోండి. మీ భార్యకు వర్క్ పర్మిట్ వచ్చి, ఆమెకు ఉద్యోగం దొరికి, నిధి 20,000 దాటాక 180 గ్యాలన్ల ట్యాంకు కొత్త లెక్కతో మళ్లీ రాయండి.