బావమరిది బ్యాగులో రాణి ఈగలు: కస్టమ్స్ ఊరుకుంటుందా?

ప్రశ్న: మాది మదనపల్లె. బెంగళూరు మారతహళ్ళిలో ఉంటూ ఉద్యోగం చేసుకుంటున్నాను. శ్రీనివాసపురం దగ్గర మామిడితోటలో అరవై ఇటాలియన్ తేనెటీగల పెట్టెలు పెట్టి తేనె అమ్ముతున్నాను. మా బావమరిది ఆస్ట్రేలియాలో ఉంటాడు. సంక్రాంతికి వస్తూ అక్కడి బ్రీడర్ దగ్గర నాలుగు మేలుజాతి రాణి ఈగలు తెస్తానంటున్నాడు. బ్రీడర్ హెల్త్ సర్టిఫికెట్ ఇస్తాడట. గ్రీన్ ఛానెల్‌లో వచ్చేస్తే ఇబ్బందేమైనా ఉంటుందా? రాణులు కుదరకపోతే మగ ఈగల వీర్యం ట్యూబుల్లో తెప్పించుకోవచ్చా? బ్రీడర్ సగం డబ్బు ముందే పంపమంటున్నాడు.

జవాబు: ఇవాళే బావమరిదికి ఫోన్ చేసి వద్దని చెప్పండి. తర్వాత మిగతాది చదవండి.

ప్రాణంతో ఉన్న కీటకం మన దేశంలోకి రావాలంటే ముందే పర్మిట్ చేతిలో ఉండాలి. 1914 నాటి డిస్ట్రక్టివ్ ఇన్‌సెక్ట్స్ అండ్ పెస్ట్స్ చట్టం కింద 2003లో వచ్చిన ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ఈ మాట చెబుతోంది. పర్మిట్ ఇచ్చేది ఫరీదాబాద్‌లోని ప్లాంట్ ప్రొటెక్షన్ అడ్వైజర్ కార్యాలయం. దేవనహళ్ళిలో విమానం దిగాక కౌంటర్ దగ్గర నిలబడి తీసుకునే కాగితం కాదది.

పర్మిట్ లేకుండా తెస్తే కేసు కస్టమ్స్ చట్టంలోకి వెళుతుంది. షరతులు పాటించకుండా తెచ్చిన సరుకు కూడా 2(33) సెక్షన్ ప్రకారం నిషిద్ధ సరుకేనని 2003లో ఓంప్రకాశ్ భాటియా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 111(డి) కింద జప్తు చేస్తారు, 112 కింద పెనాల్టీ వేస్తారు. ఫైన్ కట్టి సరుకు విడిపించుకోవచ్చు కదా అంటారేమో. 125 సెక్షన్‌లో ఆ వెసులుబాటు ఉంది కానీ, నిషిద్ధ సరుకు విషయంలో ఇవ్వడం, ఇవ్వకపోవడం అధికారి ఇష్టం. రోగాలు మోసుకొచ్చే అవకాశమున్న ప్రాణిని వదిలిపెడతారని నేను ఆశపెట్టుకోను.

గ్రీన్ ఛానెల్ అంటే నడిచిపోయే దారి మాత్రమే కాదు. ‘నా దగ్గర చెప్పాల్సిందేమీ లేదు’ అని మీ బావమరిది ఇచ్చే వాంగ్మూలం అది. 77 సెక్షన్ ప్రకారం బ్యాగేజీలో ఏముందో చెప్పడం ప్రయాణికుడి బాధ్యత. దాచి దొరికితే తెలిసి చేసిన పని కిందకి వస్తుంది, ప్రాసిక్యూషన్ దాకా లాగే 135 సెక్షన్ కూడా ఉంది. నాలుగు ఈగలకు అంతదూరం పోరనే నా అంచనా. కానీ ఆ టెన్షన్ పండగపూట ఎందుకు? పైగా 112 సెక్షన్ తెచ్చినవాడితో పాటు ప్రోత్సహించినవాడినీ పట్టుకుంటుంది. ‘ఎన్ని తెమ్మంటావు బావా?’, ‘నాలుగు చాలు’ అని మీరిద్దరూ పెట్టుకున్న వాట్సాప్ మెసేజీలు అతని ఫోన్‌లోనే ఉంటాయి.

పోనీ రెడ్ ఛానెల్‌కి వెళ్ళి నిజం చెబితే? పెనాల్టీ భయం చాలావరకు తగ్గుతుంది, ఈగలు మాత్రం దక్కవు. ఉన్నది ఉన్నట్టు చెప్పినవాళ్ళ సరుకును కస్టమ్స్ దగ్గర ఉంచి, తిరుగు ప్రయాణంలో ఇచ్చే పద్ధతి 80 సెక్షన్‌లో ఉంది. బంగారానికైతే అది పనికొస్తుంది. పండగ అయ్యేదాకా గోదాములో రాణి ఈగ బతకదు.

ఇక సర్టిఫికెట్. బ్రీడర్ తన లెటర్‌హెడ్ మీద రాసిచ్చేదానికి ఇక్కడ విలువ లేదు. ఎగుమతి చేసే దేశపు ప్రభుత్వ అధికారి సంతకం కావాలి. ఏ ఏ రోగాలు చూడాలో ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ కోడ్‌లో తేనెటీగలకు కేటాయించిన 9వ విభాగం చెబుతుంది: శ్వాసనాళంలో చేరే అకారాపిస్ నల్లి, పిల్లపురుగులను కుళ్ళబెట్టే అమెరికన్ ఫౌల్‌బ్రూడ్, యూరోపియన్ ఫౌల్‌బ్రూడ్ రోగాలు, స్మాల్ హైవ్ బీటిల్ అనే పెంకుపురుగు, ట్రోపిలేలాప్స్, వరోవా అనే నల్లులు. ఆస్ట్రేలియా విషయంలో సర్టిఫికెట్ తేదీ కూడా చూడాలి. చాలాకాలం వరోవా లేని దేశమని దానికి పేరు. 2022 జూన్‌లో న్యూకాజిల్ రేవు దగ్గర నిఘా కోసం పెట్టిన పెట్టెల్లో అది బయటపడింది. 2023 సెప్టెంబరులో నిర్మూలన ప్రయత్నమే మానుకున్నారు. కాబట్టి పాత సర్టిఫికెట్ నమూనాలు చూపించి మాట్లాడితే నమ్మకండి.

‘వరోవా మన దగ్గర ఎప్పటినుంచో ఉంది కదా’ అని మీరు అనొచ్చు. నిజమే, అది మొదట మన పుట్ట తేనెటీగల మీద బతికిన నల్లే. ఆస్ట్రేలియాలో 2002 నుంచి ఉన్న స్మాల్ హైవ్ బీటిల్ సంగతో? దాని పురుగులు పట్టులోకి దిగితే తేనె పులిసి నురగలు కక్కుతుంది. ఒక్క రాణినే పంపే పార్సిల్లో కూడా తోడు ఈగలు 20కి మించకూడదని కోడ్ పరిమితి పెట్టింది ఇందుకే.

ఆ చిన్న పంజరాన్ని మీరు చూసే ఉంటారు. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది, ఒక పక్క జాలీ, రాణితో పాటు కొన్ని కూలి ఈగలు, మూలన మేతకు చక్కెర ముద్ద. అందరి కళ్ళూ రాణి మీదే ఉంటాయి. నల్లులు కూలి ఈగల ఒంటిమీద రావచ్చు. ముద్దలో తేనె కలిపి ఉంటే అందులో అమెరికన్ ఫౌల్‌బ్రూడ్ బీజాలు రావచ్చు. అవి దశాబ్దాల తరబడి చావవు. ఆస్ట్రేలియా వాళ్ళు బయటి రాణిని ఎలా తీసుకుంటారో చూడండి. మెల్‌బోర్న్ దగ్గర మికిల్‌హామ్ క్వారంటైన్‌లో ఉంచి, ఆ రాణి పిల్లపురుగుల నుంచి కొత్త రాణులను పెంచి, ఆ కూతుళ్ళనే బయటికి వదులుతారు. తెచ్చిన రాణి ఆ గేటు దాటదు.

అసలు చిక్కు ఇంకొకటి. తేనెటీగ కీటకమా, జంతువా? 1914 చట్టానికి కీటకం. జంతువుల అంటురోగాల నివారణకు వచ్చిన 2009 చట్టంలో పశువులు, కోళ్ళ సరసన తేనెటీగలను కూడా జంతువుల జాబితాలో రాశారు. 1898 నాటి లైవ్‌స్టాక్ దిగుమతి చట్టం గుర్రాలు, ఒంటెలు, గొర్రెల్లాంటి పేర్లు చెప్పి, మిగతా జంతువులను నోటిఫికేషన్‌కి వదిలేసింది. అందుకే దరఖాస్తు పెట్టేముందు అటు ఫరీదాబాద్‌కీ, ఇటు కేంద్ర పశుసంవర్ధక శాఖకీ రాసి, ఏ పర్మిట్ కావాలో, ఏ విమానాశ్రయం ద్వారా తేవాలో జవాబు కాగితం మీద తెప్పించుకోండి. లేఖలో టారిఫ్ నంబరు 0106 41 వేయండి, తేనెటీగలది అదే. ఫోన్‌లో ‘ఏం పర్వాలేదు సార్’ అన్న మాట రేపు కస్టమ్స్ ముందు సాక్ష్యం కాదు.

వీర్యానికి కూడా ఇదే దారి. లైవ్‌స్టాక్ చట్టంలో ఆవు, గొర్రె, మేక జాతుల వీర్యం పేర్లే ఉన్నాయి, తేనెటీగది లేదు. అది మినహాయింపు అనుకోకండి. నల్లులు, బీటిళ్ళు ట్యూబులో రావన్నది నిజమే, వైరస్‌లు వస్తాయి. వైరస్ ఎంత పని చేస్తుందో మనవాళ్ళు చూశారు: 1991-92 ప్రాంతంలో పిల్లపురుగులను చంపే థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్ దక్షిణాదిలో పుట్ట తేనెటీగల పెట్టెలను ఖాళీ చేసింది. మీ తోట చుట్టుపక్కల పెద్దవాళ్ళను అడిగితే చెబుతారు.

నన్నడిగితే ఒంటరిగా ఈ పని నెత్తికెత్తుకోవద్దు. మీ పెట్టెల్లోని ఇటాలియన్ ఈగ కూడా 1962లో ఇప్పటి హిమాచల్ ప్రదేశ్‌లోని నగ్రోటాలో నిలదొక్కుకున్న వలస జాతే. దాన్ని తెచ్చి నిలబెట్టింది శాస్త్రవేత్తలు, బ్యాగులో పెట్టుకొచ్చిన ప్రయాణికులు కాదు. బళ్ళారి రోడ్డులో హెబ్బాళ దగ్గరున్న జాతీయ వ్యవసాయ కీటక వనరుల బ్యూరో వాళ్ళనీ, బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం క్యాంపస్ జి.కె.వి.కె.లో తేనెటీగల మీద పనిచేసేవాళ్ళనీ కలిసి, పరిశోధన సంస్థ పేరు మీద దిగుమతికి అవకాశముందేమో అడగండి. లేదంటే దేశంలోనే పెంచిన మంచి రాణులను కొనడం మీ అరవై పెట్టెలకు చాలు.

డబ్బు సంగతి: పర్మిట్ రాకముందు అడ్వాన్స్ పంపకండి. తప్పదంటే, పర్మిట్ రాకపోతే మొత్తం వెనక్కి ఇస్తానని ఈమెయిల్‌లో రాయించుకోండి. తేనె అమ్ముతున్నారు కాబట్టి సొంత వాడకమని చెప్పడం కుదరదు. ఇంపోర్ట్ ఎక్స్‌పోర్ట్ కోడ్ తీసుకుని, చెల్లింపు మీ బ్యాంకు ద్వారా దిగుమతి కిందే పంపండి. బావమరిది అక్కడ కట్టేస్తే మీరు ఇక్కడ అతని తల్లిదండ్రులకు ఇచ్చే లెక్క మాత్రం పెట్టుకోకండి, అది విదేశీ మారకద్రవ్య చట్టం ఫెమా కింద ఇంకో కేసు.